వెచ్చగా తేవలసిన రక్తం

ఒక అబద్ధం. రెండే మాటలు. దాన్ని మోస్తూనే ముసలివాణ్ణయ్యాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసిన మొహానికి చెప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

వనపర్తిలో ఒక చిన్న రక్తపరీక్షల దుకాణంలో పనిచేసేవాణ్ణి. అక్కడ కాని పరీక్షలకు రక్తాన్ని ఐసు డబ్బాలో పెట్టుకుని బస్సులో హైదరాబాదు చేర్చడం నా పని. నాలుగో తరగతితో బడి ఆగింది. మందుల పెట్టెల్లోని కాగితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. చదువుకున్నవాళ్ల రాతల్లో తప్పులు పట్టడమంటే నాకు పండగ.

మా వదిన కొత్తకోట దగ్గరి పల్లెలో ఉండేది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఎప్పుడో ఆపరేషనులో ఎక్కించిన రక్తంతో వచ్చి ఉంటుందన్నారు, ఆమె కాలేయంలో హెపటైటిస్ సి వైరస్ చేరింది. అది కాలేయంలో కాక ముందు కాళ్ల మీద కనబడింది. మోకాళ్ల కింద నేరేడు రసం చిమ్మినట్టు మచ్చలు, అరికాళ్లలో మంట. ఆ వైరస్ వల్ల రక్తనాళాలు వాచాయని హైదరాబాదు డాక్టరు చెప్పాడు. ఏడాదిపాటు సూదులు, గోలీలు. జ్వరాలు వచ్చాయి, జుట్టు ఊడింది. పల్లికాయ పీకేటప్పుడు ఎండను ఓర్చుకున్నట్టే అన్నీ ఓర్చుకుంది. చివరికి వైరస్ పోయింది.

కానీ డాక్టరు ఊరుకోలేదు. వైరస్ పోయినంత మాత్రాన నాళాల వాపు పోయినట్టు కాదన్నాడు. చాలామందికి తగ్గిపోతుంది, కొందరిలో ఏళ్ల తరబడి లోపలే ఉండి మళ్లీ లేస్తుంది, మూత్రపిండాలను పట్టుకుంటుంది. ఇంకొక్క పరీక్ష చేస్తే తెలుస్తుంది. బాగుంటే ఏడాదికోసారి వస్తే చాలు. లేకపోతే రెండు నెలలకోసారి రావాలి, వేరే మందు మొదలుపెట్టాలి. ఆ రక్తాన్ని మాత్రం ఐసులో పెట్టకూడదు, గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కులోనే తేవాలని చీటీ రాశాడు. బస్సెక్కితే వదిన కాళ్లు ఉబ్బేవి. నేను తెస్తానన్నాను.

రెండువేల ఆరు ఎండాకాలం. ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కొత్తకోట దాటేసరికి బస్సు రేకు కాలుతోంది. ఈ ఎండకు జడ్చర్ల చేరేలోపు పాలే విరిగిపోతాయి, రక్తం చెడకుండా ఉంటుందా? ఇన్నేళ్లుగా రక్తం మోస్తున్నవాణ్ణి, నిన్నగాక మొన్న డాక్టరైనవాడు నాకు చెప్పేదేమిటి? వదిన రక్తం పాడవకూడదు. రక్తం గొట్టాన్ని ఫ్లాస్కులోంచి తీసి, మిగతావాళ్ల రక్తాలున్న ఐసు డబ్బాలో పెట్టాను. హైదరాబాదులో దిగాక ఒక హోటల్లో వేడినీళ్లు అడిగి పోయించుకుని, గొట్టాన్ని మళ్లీ ఫ్లాస్కులో దించాను.

ఎందుకు దించాను? నేను చేసింది సరైనదని నమ్మితే, ఐసులోంచే తీసి చూపించొచ్చు కదా. దాచాలనుకున్నానంటే, నా నమ్మకం మీద నాకే నమ్మకం లేదన్నమాట.

డాక్టరు ఫ్లాస్కు మూత తీసి, వేలు ముంచి చూశాడు.

“దారంతా గిట్లనే వెచ్చగ ఉండెనా, అన్నా?”

“ఉండె సార్.”

“మంచిగైంది. చల్లబడితే మనం వెతికేది రక్తం గడ్డల ఇరుక్కపోతది. పరీక్షల ఏం కనపడదు, అంతా బాగుందనుకుంటం. మీ అసొంటోళ్లు తెస్తెనే నాకు భరోసా.”

ఆ క్షణాన నాకు తెలిసిపోయింది. ‘తప్పయింది సార్, మళ్లీ తీయించుకొస్తా’ అంటే సరిపోయేది. వదినకు ఇంకొక సూదిపోటు, నాకు కాస్త తలవంపు. అంతే కదా పోయేది. కానీ చదువుకున్నవాడు నన్ను అలా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మెప్పును తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. గొట్టం అక్కడే ఇచ్చి, ఖాళీ ఫ్లాస్కు తీసుకుని బయటికొచ్చాను.

పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. నేనే చదివి చెప్పాను. వదిన నవ్వింది.

“మా తమ్మి మోసిన రక్తం, అబద్ధమాడుతదా? ఇగ నేను దవాఖాన మొఖం సూడ.”

“నీ మొఖం సూసి సూసి ఆ డాక్టరే పరేషానైండు. జర ఇడిసిపెట్టు ఆయిన్ని” అన్నాడు మా అన్న.

ఆ చలికాలం ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే మచ్చలు చూశాను.

“గిదేంది వదినె?”

“చెప్పుల రాపిడి తమ్మీ. నువ్వే అంటివి గదా, రిపోర్టుల ఏం లేదని.”

అప్పుడైనా నోరు విప్పానా? కొబ్బరినూనె రాయమన్నాను. కొబ్బరినూనె!

మరుసటి వానాకాలానికి మొహం ఉబ్బింది, మూత్రం నురగ కట్టింది. హైదరాబాదు తీసుకెళ్లేసరికి మూత్రపిండాల పరిస్థితి చెయ్యి దాటిపోయింది. డాక్టరు పాత రిపోర్టును తిప్పి తిప్పి చూస్తూ, తానెక్కడ పొరపాటు పడ్డానా అని తలపట్టుకున్నాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. దసరా దాకా కూడా వదిన నిలవలేదు.

ముందే తెలిస్తే బతికేదా? ఏమో. ఆ రోజుల్లో ఉన్న మందులకు అందరి జబ్బూ లొంగేది కాదట. ఈ ‘ఏమో’ వెనకాల చాలా ఏళ్లు దాక్కున్నాను. కానీ బతికే వీలు ఎంత చిన్నదైనా అది ఆమెది. నా పరువు కోసం ఖర్చు చేయడానికి అది నాది కాదు.

దినాల నాడు బంధువులందరి ముందు నేనే లేచి అరిచాను, డాక్టరు సరిగా చూడక చంపాడని. అరుస్తుంటే నాకు నిజంగానే కోపం వచ్చింది. అదెలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. అందరూ నాతో గొంతు కలిపారు. అన్న ఇవాళ్టికీ ఇంటికొచ్చినవాళ్లతో అంటాడు, “డాక్టరు ముంచిండు గని, నా తమ్ముడు ఎంత తిరిగిండో పాపం” అని. నేను తలవంచుకుని వింటాను. ఆయనకు చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించగల మనిషి ఇక లేదు. ఒకటి మాత్రం రాయాలని పొద్దుటి నుంచి కాగితం ముందు కూర్చున్నాను. మా ఊళ్లో ఆ డాక్టరును తిట్టే ప్రతి నోట్లో ఆ తిట్టు పెట్టింది నేను. ఆయన తప్పేమీ లేదు. మా వదినకు అన్యాయం చేసింది నేనే.

రాశాను. ఊపిరి కాస్త లోపలికి దిగుతోంది.