పీకి పారేసిన పచ్చ చీటీలు

"యాదమ్మా, రేపు పెద్ద మీటింగు. గది అద్దం లెక్క మెరవాలె."

"నువ్వు బేఫికర్‌గ ఇంటికి పో సారూ."

ఆ సాయంత్రం మా కంప్యూటర్ సారుకూ నాకూ నడిచిన ఆఖరి మాటలివి. మా ఆయన సచ్చిపోయినంక ఎల్బీనగర్‌ల ఒక యూనివర్సిటీల ఊడుస్తున్న. గా కొలువే నాకు బువ్వ పెడుతున్నది. కంప్యూటర్లు బాగుచేసే సార్లందరు తెల్లారి మా దగ్గర కూడి, వాటిల దొంగలు పడకుండ ఎట్ల కాపాడాలో మాట్లాడుకుంటరట. నేను మనసుపెట్టి తుడిసిన. ఒక్కో కంప్యూటర్‌కు అంటిచ్చిన పసుపుపచ్చ చీటీలన్ని పీకి చెత్తబండిల ఏసిన.

పొద్దుగాల అందరి ముందట ఒక్క కంప్యూటరూ తెరుసుకోలే.

"పాస్‌వర్డ్‌లు రాసిన చీటీలేవి?" అని సారు పరేషాన్.

కొలువు పోయిందనుకున్న. అయినా "నేనే పారేసిన సారూ" అన్న.

ఉపన్యాసం చెప్పనీకి వచ్చిన మేడం పడిపడి నవ్వింది. "తాళంచెవిని తలుపుకే వేలాడదీసింది మీరు. తీసేసి కాపాడింది ఈ అమ్మ!"

హాలంత చప్పట్లు. మా సారు సిగ్గుతోని నవ్వి, తన కుర్చీల నన్ను కూసోబెట్టిండు.

భయమైనా నిజం చెప్పినందుకు ఇయ్యాల్టికీ సంబురమే. నేను చెప్తుంటే మా కోడలు స్వాతి ఇదంత రాసింది. స్వాతీ, చప్పట్ల కాడికెల్లి ఒకసారి సదివి ఇనిపియ్యి బిడ్డా.