వసకొమ్ముకు రాని మాట

మా బిడ్డకు మూడేండ్లు నిండినా రెండు మాటలు కలిపేది కాదు. బువ్వ అనేది, నీళ్లు అనేది, గంతే. "నేను బువ్వ తిన్న అను తల్లీ" అని బతిమాలితే నా నోటి దిక్కు చూసి మళ్లీ "బువ్వ" అనేది. పక్కింటి పిల్ల దీనికంటే చిన్నది. "నాన వచ్చిండు" అని ఇంట్ల విని "కుక్క వచ్చిండు, కోడి వచ్చిండు" అనుకుంట వాడంత తిరిగేది. అందరు నవ్వేటోళ్లు. నాకు మాత్రం కడుపు మండేది. నా బిడ్డ నోట గసొంటి తప్పన్న రావాలె దేవుడా అని మొక్కుకున్న.

మాటలొస్తయని మా అత్త రోజూ వసకొమ్ము అరగదీసి బిడ్డ నాలుకకు రాసేది. ఏం ఫలితం లేదు. ఆ ఎండకాలం ఒకనాడు పొద్దుగాల్నే దబ్బనం తీసి పొయ్యిల పెట్టింది.

"గొంతు కింద సురక పెడితే మాటొస్తది, పట్టుకో" అన్నది.

మా ఆయన పామాయిల్ గెలల ట్రాక్టర్ తోలుకొని అశ్వారావుపేట మిల్లుకు పోయిండు. అడవి అంచు ఊరు, సెల్లుకు సిగ్నల్ అందదు.

"దాన్ని ముట్టినవంటే మంచిగుండదు అత్తా!"

"నీకేం తెలుసే? రేపు మూగదైతే ఎవడు చూస్తడు?"

పొయ్యి ఉన్నది తలుపు పక్కనే. బయటికి పోవాలంటే ఆమెను దాటాలె. బిడ్డను చంకలో ఇరికించుకొని గోడకు ఆనుకున్న. అత్త మొఖం నా దిక్కు తిప్పి తిడుతనే దబ్బనం మంటల తిప్పుతుంది. దాని కొస ఎర్రబడ్డది. నా కండ్లు దాని మీదనే ఉన్నయి.

"నానమ్మ కొంగు అంటుకుంటది! జరుగు నానమ్మా!"

నా చంకలోంచే వచ్చింది ఆ మాట. చూస్తే నిజంగనే అత్త కొంగు కొస పొగలేస్తుంది. ఆమె దబ్బనం ఇసిరికొట్టి, అరచేతులతోని కొట్టి ఆర్పుకుంది.

"నీ కొంగు అంటుకుంటదే, జరుగు" అని అత్త పొయ్యి కాడ రోజూ నన్ను కసిరేది. బిడ్డ అన్నీ వినుకుంట కూసున్నది. ఆ "నీ" తీసి "నానమ్మ" అని పెట్టుకోమని దానికి ఎవరు చెప్పిన్రు? వసకొమ్ము చెప్పిందా?

బిడ్డను ఇయ్యమని అత్త చేతులు చాపింది. నా కోపం ఇంకా దిగలే, ఇయ్యలే నేను. బిడ్డనే నా చంక దిగి ఆమె కాడికి పోయింది. ఆ ఎర్రబడ్డ అరచేతిని రెండు చేతుల్ల పట్టుకుంది.

"కాలిందా నానమ్మా?" అన్నది.