మామ కాళ్ల షోకు

ఇబ్రహీంపట్నంలో బాలనర్సింహ అనే పెద్దమనిషి ఉన్నాడు. ఆయన ఎవరి మొహమూ చూడడు, కాళ్లు చూస్తాడు. ఎదురుపడింది ఆఫీసరైనా అడ్డామీది కూలీ అయినా, ఆయన చూపు జర్రున కిందికి దిగి మడమల దగ్గర ఆగుతుంది. పెళ్లికి పోతే అందరూ పెళ్లికొడుకు మొహం చూసి జోడీ బాగుందంటారు. ఈయన అక్షింతలు వేసి వచ్చి, "పిల్లగాడు మంచోడే గాని, మడిమెలు ఎండిన చెరువు లెక్కున్నయ్. జర నూనె రాసుకోమను" అంటాడు. అదీ పెళ్లికూతురి తండ్రితో!

"నన్ను చూసుకోనీకి వచ్చిననాడు గూడ తల ఎత్తలే. సిగ్గేమో అనుకున్న" అని భార్య రాధమ్మ ఇప్పటికీ మొత్తుకుంటుంది.

సొంత కాళ్లకు ఆయన చేసే సేవ దేవుడికి కూడా చెయ్యడు. టీవీలో సీరియల్ మొదలయ్యే వేళకు వాకిట్లో కుర్చీ పడుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నానబెట్టి, రాయితో సుతారంగా రుద్ది, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, మడమలకు కొబ్బరినూనె పట్టించి, నూలు సాక్సులు తొడుగుతాడు. ఒకరోజు నూనె అయిపోయిందని కోడలు స్వప్న క్రీము డబ్బా మీద పడ్డాడు.

"మామా, గది రాత్రిపూట మొహానికి రాసుకునేది!" అని స్వప్న లబలబలాడింది.

"మొహం ఏమన్న నడుస్తదా బిడ్డా? పొద్దంత మోసేటియి కాళ్లు. సోకులేమో మొహానికా?"

స్వప్న డబ్బా లాక్కోబోయింది. చేతికందేసరికి అది ఖాళీ అయింది.

ఇంటికొచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వడం ఎక్కడైనా ఉన్న మర్యాదే. చెంబు ఇచ్చి పక్కకు తప్పుకుంటారు. బాలనర్సింహ తప్పుకోడు. తనే నీళ్లు పోసి, వంగి, కాలు ఇటూ అటూ తిప్పించి చూస్తాడు. కరెంటు మీటరు చూసే కిరణ్ కుమార్ మొదట్లో సిగ్గుపడి గోడ మీది నుంచే తొంగిచూసి పోయేవాడు. ఇప్పుడు గేటు దగ్గరే బూట్లు విప్పి, "కానియ్ పెద్దబాపూ, బిల్లు తర్వాత కొడ్త" అని కాలు చాపుతున్నాడు.

ఇలాంటి మామ ఉన్న ఇంటి ముందు గదిలో స్వప్న బ్యూటీ పార్లర్ పెట్టుకుంది. ప్రారంభానికి కందుకూరు నుంచి తల్లి రుక్మాబాయి వస్తోంది. స్వప్న భయమంతా అక్కడే. ఎందుకంటే కిందటిసారి ఆమె వచ్చినప్పుడు బాలనర్సింహ పదిమందిలో వియ్యపురాలి కాలి పగుళ్ల మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఆమె విస్తరి ముందు నుంచి లేచి వెళ్లి బస్సెక్కింది. మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఎంతో బతిమాలితే ఇప్పుడు ఒప్పుకుంది. ఈసారి కూడా అలిగి పోయిందా, ఇక అమ్మ ఈ ఇంటికి రానే రాదు.

"మామా, నీకు దండం పెడ్త. రేపొక్కనాడు కాళ్ల ముచ్చట తియ్యకు."

"నోరు తెరిస్తే అడుగు బిడ్డా."

ఆయన మాట మీద నిలబడే మనిషే. మర్నాడు నిజంగానే నోరు తెరవలేదు.

వచ్చిన ముత్తైదువల కాళ్లకు స్వప్న వరసగా పసుపు రాస్తోంది. తల్లి దగ్గరికొచ్చేసరికి రుక్మాబాయి కాళ్లు వెనక్కి లాక్కుంది. "నేను ఇంటికాడ్నే రాసుకొని వచ్చిన బిడ్డా."

పేరంటానికి ఎవరైనా ఇంటి దగ్గరే పసుపు రాసుకుని వస్తారా? వచ్చింది. అదీ చీలమండల దాకా, గోడకు సున్నం కొట్టినట్టు. మూలన కూర్చున్న బాలనర్సింహ లేచాడు. లోపలికి పోయి నిండు చెంబుతో వచ్చి, వియ్యపురాలి పాదాల మీద గుమ్మరించాడు.

ముత్తైదువ కాళ్ల పసుపు శుభమా అని కడిగేశాడు! పేరంటాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. రుక్మాబాయి మొహం కందగడ్డ అయింది.

"మామా! మా అమ్మను ఈ ఇంట్ల నిలవనియ్యవా?" స్వప్న పసుపు గిన్నె పక్కన పడేసి లేచింది.

ఆయన అప్పటికే నేల మీద చతికిలబడ్డాడు. "చెల్లె, కాలు ఇటియ్యి."

ఎడమకాలి బొటనవేలి కింద, పసుపు కరిగిన చోట పుండు బయటపడింది. చుట్టూ వాచి నల్లబడి ఉంది.

"చెప్పుల మేకు గుచ్చుకున్నదన్నా" అంది రుక్మాబాయి చిన్నగా. "నొప్పి లేదు గద, పసుపు పెట్టి ఊకున్న. బిడ్డ దుకాణం తెరుస్తుంటే దవాఖాన ముచ్చటెందుకని..."

"షుగరున్న మనిషివి! షుగరుకు కాళ్లు మొద్దుబారితె నొప్పి తెల్వది, గదే అసలు ఫికర్. స్వప్నా, ఆటోను పిలువు!"

దవాఖానలో డాక్టరమ్మ పుండు శుభ్రం చేసి కట్టు కట్టింది. ఇంకొన్నాళ్లు ఆగితే వేలు తీసేయాల్సి వచ్చేదంది. వరండాలో స్వప్నకు ఏడుపు ఆగలేదు. మామ మీద కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

"షుగరున్నోళ్లు కాళ్లు చూసుకోవాలె అని చక్కగ చెప్పొచ్చు గద మామా? ఈ షోకు మాటలెందుకు?"

"చెప్పి చూసిన బిడ్డా. రోగం అంటే అందరు కాళ్లు దాచుకుంటరు. సోకు అంటే ముంగటికి చాపుతరు. పిచ్చోడు అని నవ్వుకుంట చూపిస్తరు. నవ్వుకోనియ్, నా సొమ్మేం బోయింది?"

పుండు మానింది. రుక్మాబాయి అలకా మానింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే కందుకూరు నుంచి వీడియో కాల్ చేస్తోంది. స్వప్న ఆత్రంగా ఫోనెత్తితే తెర నిండా ఒక అరికాలు.

"అమ్మా, జర మొహం చూపియ్యే!"

"ఆగవే, ముందుగాల అన్నను చూడనియ్యి. ఇంకో కాలు గూడ ఉన్నది."