తన గురించి తాను చెప్పుకోకూడని మాట

తెనాలిలో రైలు కదలగానే, నా చేతిలోని ఇంగ్లీషు పేపరును నమ్మి, ఎదుటి సీటులోని అమ్మాయి అడిగింది. "సార్, 'ఐ యామ్ టైర్‌లెస్' అనాలా, 'ఎనర్జెటిక్' అనాలా అండి?" బాపట్లలో ఎల్‌కేజీ టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళుతోంది. మొదటి ఉద్యోగం.

"టైర్‌లెస్ అని ఎక్కువగా ఇతరుల గురించి అంటారమ్మా. పదవీ విరమణ సభల్లో, సంతాప సభల్లో బాగా వినిపిస్తుంది. నీకింకా టైముంది. ఎనర్జెటిక్ అను."

అమ్మాయి పక్కనున్న మేనత్త అందుకుంది. "ఏంటండీ దానర్థం?"

"అలసట ఎరగని మనిషి అని."

ఆవిడ చప్పున అమ్మాయి నోరు మూసింది. "సొంత నోటితో అనుకుంటారటే? దిష్టి తగలదూ?"

మా అనంతపురంలోనూ దిష్టి ఉంది. ఇంటర్వ్యూలకు మినహాయింపు ఉందనుకున్నాను.

"మరి వాళ్లు అడిగితే ఏం చెప్పనత్తా?"

అత్త నావైపు తిరిగింది. "ఇదీ అలాంటి పిల్లే అని నేను చెప్పాలంటే ఎలాగండి?"

"షి ఈజ్ టైర్‌లెస్."

బాపట్ల వచ్చేదాకా ఆవిడ ఆ మాటే వల్లె వేసింది. పెట్టెలో అందరికీ అది నోటికొచ్చేసింది. బాపట్లలో అమ్మాయి వెనకే తనూ దిగింది.

"నీది చీరాల టికెట్టు కదత్తా?"

"చీరలు రేపైనా దొరుకుతాయి. నీ గురించి నేను చెబుతా, పద."

ఆవిడ నడకను అమ్మాయి పరుగుతో అందుకుంటోంది. కిటికీలోంచి మేమంతా ఉత్సాహంగా చేతులూపాం. ఉద్యోగం ఇద్దరిలో ఎవరికిస్తారోనన్నదే నా బెంగ.