మదాం ఎతిదాల్ దుబాసీతనం

కైరోలోని ఒక విశ్వవిద్యాలయంలో, విదేశీ విద్యార్థుల విభాగంలో, మదాం ఎతిదాల్ ముప్పై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసింది. కాపీ కొట్టాడని, ఒకరి పరీక్ష ఇంకొకరు రాశారని, వసతిగృహం కిటికీకి చేపలు ఆరేశారని, ఏ ఫిర్యాదు వచ్చినా ఆ కాగితం ముందు ఆమె బల్ల మీదికే వచ్చేది. ఆమె దాన్ని చదివి, "వీడు పొద్దున ఏమన్నా తిన్నాడా?" అని అడిగేది. ఖాళీ కడుపుతో ఉన్నవాడు చెయ్యని తప్పు కూడా ఒప్పేసుకుంటాడని ఆమె నమ్మకం.

బబానా మారిటేనియా ఎడారి నుంచి వచ్చిన కుర్రవాడు, న్యాయశాస్త్రం రెండో సంవత్సరం. ఒప్పందాల చట్టం పరీక్షలో, ఆ పాఠం చెప్పే డాక్టర్ లుత్ఫీ రాసిన పుస్తకంలోని మూడో అధ్యాయాన్ని పొల్లు పోకుండా దించేశాడు. ఐదు మార్కుల ప్రశ్నకు పధ్నాలుగు పేజీలు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుంటే తప్ప ఇది సాధ్యం కాదని లుత్ఫీ ఫిర్యాదు రాశారు. రుజువైతే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే నివాస అనుమతి పోతుంది, పెట్టె సర్దుకోవలసిందే. అసలు ఆ అనుమతి గురువారంతో ముగుస్తోంది. విచారణ కూడా గురువారమే పెట్టారు. అనుమతి పొడిగించే కిటికీ రెండు గంటలకు మూసేస్తారు.

"ఏరా, కొట్టావా కాపీ?" అంది ఎతిదాల్, ఫలాఫల్ రొట్టె చేతిలో పెడుతూ.

బబానా లేచి నిలబడ్డాడు. "అమ్మా! అట్టి నీచకార్యము మా వంశమున నెవ్వరును చేసి యెరుగరు."

పక్క బల్ల గుమాస్తా వగ్దీ టీ గ్లాసు దించాడు. "పెద్దమ్మా, వీడు మనల్ని ఆట పట్టిస్తున్నాడా?"

"కాదయ్యా. వీడి ఇంటి మాట మనకి అర్థం కాదు, మన వీధి మాట వీడికి రాదు. ఇద్దరికీ మిగిలింది పుస్తకాల అరబ్బీయే. నువ్వు టీ తాగు."

విచారణ సంఘానికి పెద్ద డాక్టర్ సఫీనాజ్. గురువారం ఆవిడ కాగితం చూసి, "దుబాసీ అని ఒక గడి ఉందే, దుబాసీ ఎక్కడ?" అంది.

"మనకున్నది మలేషియా పిల్లల దుబాసీ ఒక్కడేనండీ. సెలవులో ఉన్నాడు."

"ఈ అబ్బాయి మాట్లాడేది అరబ్బీ కాదూ?"

"అరబ్బీయేనండీ. కానీ విదేశీ విద్యార్థికి దుబాసీ లేకపోతే విచారణ చెల్లదు. వాయిదా వేశారంటే వీడి అనుమతి ఈరోజుతో సరి. నా పేరు రాసెయ్యండి."

అలా ఎతిదాల్ అరబ్బీ నుంచి అరబ్బీలోకి దుబాసీ అయింది.

"పూజ్యులారా! నాపై మోపబడిన యపనింద నా హృదయమును దహించుచున్నది," అన్నాడు బబానా.

"నేను కొట్టలేదు మొర్రో అంటున్నాడండీ."

లుత్ఫీ ముందుకు వంగారు. "నేనడిగింది ఆ అధ్యాయంలో ఆఖరి పేరా ఒక్కటే. పధ్నాలుగు పేజీలు ఎందుకు రాశావయ్యా?"

"గ్రంథమును నడుమ నుండి యారంభించుటను మా గురువులు నిషేధించిరి."

"మధ్యలోంచి మొదలెడితే వాళ్ళ పంతులు వీపు చీరేస్తాడటండీ."

"అయితే నాలుగో అధ్యాయం చెప్పమనండి, చూద్దాం!"

బబానా కళ్ళు మూసుకుని, ఎడారి బడిలో బట్టీ పట్టిన చెక్కపలక ఒళ్ళో ఉన్నట్టే ముందుకీ వెనక్కీ ఊగుతూ మొదలుపెట్టాడు. లుత్ఫీ తన పుస్తకంలో వేలు పెట్టి వెంటపడ్డారు. మూడు పేజీలయ్యేసరికి సఫీనాజ్ ఫోను మోగింది. "ఒక్క నిమిషం బాబూ," అని ఆవిడ మాట్లాడి పెట్టేసింది. బబానా మళ్ళీ అధ్యాయం పేరు దగ్గర ఎత్తుకున్నాడు.

"అయ్యో, మొదటి నుంచా!"

"ఆపితే అంతేనండీ," అంది ఎతిదాల్, గోడ గడియారం చూస్తూ. పన్నెండూ నలభై. "దయచేసి ఎవరూ దగ్గొద్దు."

తొమ్మిదో పేజీలో సఫీనాజ్ కనుబొమలు ముడిపడ్డాయి. "డాక్టర్ లుత్ఫీ, ఈ పేరా ఇందాక విన్నట్టుందే?"

బబానా కళ్ళు తెరిచాడు. "నిజము. ఆచార్యులవారు దీనిని తొంబదిరెండవ పుటయందును, తొంబదియెనిమిదవ పుటయందును వ్రాసిరి."

అందరూ దుబాసీ వైపు చూశారు. ఎతిదాల్ గొంతు సవరించుకుంది. "అయ్యగారు కష్టమైన సంగతి రెండుసార్లు చెప్తారు, ఎంత మంచివారో అంటున్నాడండీ."

లుత్ఫీ పుస్తకం మూసేశారు. పందొమ్మిదేళ్ళుగా పాఠ్యంగా ఉన్న ఆ పుస్తకాన్ని ఇంత శ్రద్ధగా చదివినవాడు, రాసినవాడితో సహా, ఇంకొకడు లేడు. "కాపీ కాదు. ఒప్పుకుంటున్నా. కానీ నాయనా, సొంత మాటల్లో రాయొచ్చుగా?"

"ఆర్యా, మీ వాక్యముల కంటె నావి మేలని యెట్లు తలంతును?"

దీనికి దుబాసీ అక్కర లేకపోయింది.

తీర్పు రాయబోతే ఫారంలో మూడే గడులు: మందలింపు, సస్పెన్షన్, బహిష్కరణ. ఇన్నేళ్ళలో నాలుగోది ఎవరికీ అవసరం పడినట్టు లేదు.

"మందలింపు అని పెట్టేద్దాం. ఏమవుతుంది?" అంది సఫీనాజ్.

"కిటికీ దగ్గరివాడు అదొక్కటే చదువుతాడండీ," అంటూ ఎతిదాల్ ఫైలు అంచు ఆనించి కింద ఇంకో గడి గీసి, పక్కన 'తప్పు చేయలేదు' అని రాసి జరిపింది. సఫీనాజ్ దాన్ని కాసేపు చూసి, టిక్కు పెట్టి సంతకం చేసింది. ఎతిదాల్ అప్పటికే ముద్ర పట్టుకుని నిలబడి ఉంది.

రెండుకి పది నిమిషాలుందనగా ఇద్దరూ ఆయాసపడుతూ కిటికీ దగ్గరికి చేరారు. "ఈ గడేంటి? ఎప్పుడూ చూళ్ళేదే," అన్నాడు లోపలివాడు.

"కొత్తగా పెట్టార్లే. కొట్టు ముద్ర."

కొట్టాడు. ఏడాది పొడిగింపు.

ఆ తరవాత ఫారాలు అయిపోయినప్పుడు వగ్దీ చేతికందిన ఆ కాగితాన్నే, పేరూ టిక్కూ సంతకమూ కప్పేసి, జిరాక్సు తీయించాడు. ఎతిదాల్ పోయి నాలుగేళ్ళయింది. ఆ విభాగంలో ఇప్పటికీ నాలుగు గడుల ఫారమే నడుస్తోంది. నాలుగోది వంకరగా ఉంటుంది. తిన్నగా గీత గీయడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు.