పెట్టె బండి టైర్లు

పోయినవాళ్ల కోసం ఉన్నవాళ్లు చేసే పనులు చాలానే ఉంటాయి గానీ, టైర్లకు నీడ పట్టే పని మాత్రం మగ్దలీనమ్మ ఒక్కతే చేస్తుంది.

బేస్తవారిపేట దగ్గరి ఆ పల్లెలో మోసే భుజాలు తక్కువ. మగవాళ్లలో సగంమంది కూలికి పరాయి ఊళ్లు పట్టారు. అందుకే శవపెట్టెను సమాధుల తోటకు చేర్చడానికి చర్చివాళ్లు రెండు టైర్ల బండి చేయించుకున్నారు. అది చర్చి గోడ పక్కన ఎండలో పడి ఉండేది. ఎవరైనా పోయినప్పుడు టైర్లు నల్లగా మెరవాలని ఇంత కిరసనాయిలు పూసి కదిలించేవాళ్లు. వాళ్ల దృష్టిలో అది మర్యాద. ఆ మర్యాదే రబ్బరును తినేసింది.

మగ్దలీనమ్మ కొడుకు బెన్నీ జ్వరంతో పోయినప్పుడు, మిట్టమధ్యాహ్నం, హైవే దాటుతుండగా టైరు పేలింది. పెట్టెను కాలే తారు మీదికి దించారు. లారీలు హారన్లు కొట్టాయి. ఇంకో బండి దొరికేదాకా ఆమె కొంగును పెట్టెకు నీడగా పట్టుకుని కూర్చుంది. ఏళ్లు గడిచినా లారీ హారన్ వినబడితే చాలు, చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోతుంది.

కంభంలో పంక్చర్ షాపు ధనుంజయను అడిగితే, "నూనె, కిరసనాయిలు తాకనీయొద్దమ్మా. ఎండ పడనీయొద్దు, గాలి తగ్గనీయొద్దు. ఒకేచోట నిలబెట్టినా పగుళ్లొస్తాయి" అన్నాడు. అంతే, కొత్త టైర్లు వేయించి, బండిని రేకుల షెడ్డులో పెట్టించింది. వారానికోసారి తలుపు తీసి, సబ్బునీళ్ల గుడ్డతో టైర్లు తుడిచి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, బండిని కాస్త ముందుకో వెనక్కో జరిపి గోనెపట్టా కప్పుతుంది. కొడుక్కి నీళ్లు పోసినట్టే పోస్తుందని నవ్వేవాళ్లు నవ్వారు.

చిక్కంతా ఆ రేకు తలుపుతోనే. తీస్తే ఊరంతా వినబడేలా అరుస్తుంది. కీలుకు నూనె వేద్దామంటే, ఆ షెడ్డులో నూనె పేరెత్తితే మగ్దలీనమ్మ ఒప్పుకోదు. ఒకసారి అది అరిచిన మర్నాడే ఏబేలు పోయాడు. ముసలాయన ఎప్పట్నుంచో మంచంలోనే ఉన్నాడన్నది ఎవరికీ గుర్తు రాలేదు. కాకి వాలగానే తాటిపండు పడింది, పాపం కాకి మీదికి వచ్చింది. మగ్దలీనమ్మ తలుపు తీస్తే మనిషి పోతాడన్న మాట ఊళ్లో స్థిరపడిపోయింది.

ఈ ఎండాకాలం సంఘపెద్ద సుందరరాజు తల్లి ఫెబమ్మ మంచాన పడింది. వాళ్ల ఇల్లు షెడ్డుకు ఎదురుగానే. అతను వచ్చి తాళంచెవి అడిగి తీసుకున్నాడు.

"అమ్మ లేచేదాకా ఆ తలుపు తియ్యొద్దక్కా. నీకు దండం పెడతా."

"తియ్యకపోతే టైర్లు పోతాయి తమ్ముడా. మల్లా మనిషిని రోడ్డు మీద..." అని ఆగిపోయింది. ఎవరిని అని చెప్పగలదు? మింగలేక కక్కలేక ఇంటికి వచ్చింది.

ఆ తర్వాత ఆమెకు సరైన నిద్ర లేదు. కళ్లు మూస్తే అదే తారు, అదే పెట్టె. లోపల మాత్రం బెన్నీ కాదు, ఫెబమ్మ.

ఒక సాయంత్రం ఫెబమ్మే కబురు పంపింది. సుందరరాజు మందులకు గిద్దలూరు పోయాడు.

"ఆ చప్పుడు ఆగినకాడి నుంచి నాకు కన్ను మూతపడ్లేదు మగ్దలీనా" అంది ముసలామె. "నీ కొడుకును దించినకాడ నేనూ ఉంటిని గదా. నన్ను గూడా అట్ల దించుతారేమోనని బయమేస్తా ఉంది. తాళంచెవి ఆ మేకుకు ఉంది. పోయి తియ్యి."

తలుపు అరిచింది. వీధిలో తల్లులు పిల్లలను ఇళ్లలోకి లాక్కున్నారు. మగ్దలీనమ్మ వంగి పంపు కొడుతుండగా, సుందరరాజు మందుల సంచితో పరుగెత్తుకుంటూ ఇంట్లోకి పోవడం కనబడింది. ఆమె చెయ్యి ఆగింది. ఏడుపు వినబడుతుందేమోనని చెవులు రిక్కించింది. ఊరి మాటే నిజమైతే? ఇన్నాళ్లూ ఆ మాటను తను కొట్టిపారేసింది.

చాలాసేపటికి అతను షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమైంది తమ్ముడా?"

"నిద్రపోతా ఉంది. ముక్కుకాడ చెయ్యి పెట్టి చూసినా. గురక పెడతా ఉందక్కా, ఎన్నాళ్లకో."

అతను కింద కూర్చుని టైరును వేలితో తడిమాడు. పక్కల వెంట్రుకవాసి పగుళ్లు అప్పుడే మొదలయ్యాయి. వేలు అక్కడే ఆగిపోయింది. కాసేపటికి లేచి, ఆమె చేతిలోంచి పంపు తీసుకుని రెండో టైరుకు గాలి కొట్టసాగాడు.

మగ్దలీనమ్మ ఆ చేతులకేసి చూస్తూ నిలబడింది. ఆనాడు బెన్నీ తలవైపు పట్టుకుని పెట్టెను తారు మీదికి దించినవి ఆ చేతులే.