మేజరు డాక్టరు ముందు నా నోటి దూల

నాకు మూర్ఛ. సైన్యంలో లారీ నడుపుతుండగా పక్కనే మందుపాతర పేలి తలకి దెబ్బ తగిలినప్పటినుంచీ ఉంది. పూటపూటా మాత్ర వేసుకుంటే మామూలు మనిషిని, మానేస్తే నేలమీద గిలగిలా కొట్టుకుంటాను. ఆ మాత్రలూ, మా ఆలుమగలిద్దరి తిండీ వైకల్యం పింఛనుమీదే. ఇప్పుడు సైనికాసుపత్రికి మళ్లీ వైద్యపరీక్షకి రమ్మన్నారు. జబ్బు తగ్గిందని తేలిస్తే పింఛను ఆగిపోతుంది.

"బావా, రెండ్రోజులు మాత్రలు మానెయ్. వాళ్ల ముందే పడిపో, పీడా వదుల్తుంది" అన్నాడు బావమరిది.

"నోర్ముయ్‌రా! తల పగిలితే నువ్వొచ్చి అతికిస్తావా?" అంది మా ఆవిడ.

మరి నేను చేసిన ఘనకార్యం? చొక్కాకి గంజి పెట్టించాను. బూట్లలో మొహం కనపడేదాకా పాలిష్ కొట్టాను. రోగినని నమ్మించాల్సినవాణ్ణి పెళ్లికొడుకులా ముస్తాబయ్యాను. తనిఖీ అంటే చాలు, నా బుర్ర పనిచెయ్యదు.

బల్ల వెనక మేజరు డాక్టరు. "ఎలా ఉన్నావ్?" అన్నారు. అంతే, మడమలు టక్కున కలిశాయి.

"బాగున్నాను సార్!"

"మూర్ఛలు?"

"లేవు సార్!"

"ఏమైనా ఇబ్బంది?"

"ఏమీ లేదు సార్!"

పై అధికారికి కష్టం చెప్పుకోవడం మాకెవడు నేర్పాడు గనక? నా గొయ్యి నేనే తవ్వుకుంటున్నానని తెలుస్తూనే ఉంది, ఛాతీ మాత్రం ఇంకా పొంగుతూనే ఉంది. డాక్టరు కలం తీశారు.

"ఆయన మాట నమ్మకండి సార్" అంది నా వెనకున్న మా ఆవిడ.

"మాత్రలతో బాగానే ఉన్నాడు కదమ్మా?"

"బాగుంటే మనవరాల్ని ఎత్తుకోరేం? నేలమీద కూర్చునే ఒళ్లో పెట్టించుకుంటారు. మోకాళ్ల నొప్పులని బుకాయిస్తారు. ఆ మోకాళ్లకి ఏ రోగమూ లేదు సార్."

ఇంట్లో ఎవరికీ తెలీదనుకున్నాను. నిలబడి ఎత్తుకున్నప్పుడే మూర్ఛ వస్తే పిల్ల ఏమైపోతుందోనని నాకు చచ్చేంత భయం.

"నిజమేనా? మూర్ఛ వస్తుందన్న భయమేనా?" అన్నారు డాక్టరు. తలూపాను.

"మందు వాడుతున్నా మనవరాల్ని ఎత్తుకోనివ్వని జబ్బుని తగ్గిందని ఎలా రాస్తాను?" అని, పింఛను కొనసాగించమని రాసేశారు.

బయటికి రాగానే ఆవిడమీద ఎగిరాను. "నీకెప్పట్నుంచి తెలుసే?"

"మొదట్నుంచీ. పిల్ల మీ ఒళ్లో ఉన్నంతసేపూ నేను పక్కనుంచి ఒక్కసారైనా లేచానా?"

లేవలేదు. మంచినీళ్లడిగినా లేవదేమని, ఒళ్లు బద్ధకమని తిట్టేవాణ్ణి, వెధవని.